ఉపగ్రహ చిత్రాలను క్లౌడ్‌లో ఏళ్ల తరబడి దాచాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ విద్యార్థులు, లాం వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవారు, చెరువులు, కాలువల మీద పనిచేసే చిన్న సంస్థల వాళ్లు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలివి. 2024 బుడమేరు వరద తర్వాత అడిగేవాళ్లు బాగా పెరిగారు. ఒక ల్యాప్‌టాప్, రెండు మూడు హార్డ్ డిస్కులు, కొద్దిపాటి డబ్బు మాత్రమే ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం.

నాసా, ఇస్రో, యూరప్ వాళ్లు అన్నీ దాస్తూనే ఉన్నారు కదా. మళ్లీ మనం దాచేదేముంది?

అసలు చిత్రాలను దాచే పని చాలావరకు మీకు లేదు. ల్యాండ్‌శాట్ చిత్రాలు అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ దగ్గర, సెంటినల్ చిత్రాలు యూరప్ భూపరిశీలన కార్యక్రమం కోపర్నికస్ దగ్గర, మన ఐఆర్ఎస్, రిసోర్స్‌శాట్ చిత్రాలు హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ దగ్గర ఉన్నాయి. ఆ పని వాళ్లు మనకన్నా ఎంతో బాగా చేస్తారు.

వాళ్ల దగ్గర లేనివి వేరే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో ఏ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి? తాడికొండ దగ్గర ఫలానా చేలో ఆ ఏడాది పత్తి వేశారా, మిర్చి వేశారా? కొల్లేరు పక్కన ఫలానా చెరువు చేపలదా, రొయ్యలదా? ఇలాంటివి నేల మీద నిలబడి, మనిషిని అడిగి రాసుకోవాల్సిందే. ఆ నోట్సు, జీపీఎస్ పాయింట్లు, వాటితో మీరు తయారు చేసిన మ్యాపు, ఆ మ్యాపు ఎలా చేశారో చెప్పే కోడ్ పోతే ప్రపంచంలో ఇంకెక్కడా దొరకవు. కింద చెప్పే సలహాలన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి.

మన ప్రాంతం చిత్రాలు ఎంత పాతవి దొరుకుతాయి?

ల్యాండ్‌శాట్-1ను 1972 జులైలో ప్రయోగించారు. కాబట్టి అంతకన్నా వెనక్కి ఈ పరంపరలో ఏమీ ఉండదు. 1970ల చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ (చిత్రంలోని అతి చిన్న గడి) నేల మీద సుమారు 80 మీటర్లు. కృష్ణానది, లంకలు, కొల్లేరు, తీరరేఖ తెలుస్తాయి, వీధులు తెలియవు. పైగా ఆ దశాబ్దంలో మన వైపు చిత్రాలు తక్కువ. ఉపగ్రహం పంపే డేటాను అందుకునే కేంద్రం దగ్గర్లో ఉంటేనే చిత్రాలు విరివిగా వచ్చేవి. మనకు షాద్‌నగర్‌లో ఆ కేంద్రం ఏర్పడింది 1970ల చివర్లో.

30 మీటర్ల చిత్రాలు 1982లో వెళ్లిన ల్యాండ్‌శాట్-4తో మొదలయ్యాయి, 1984లో ల్యాండ్‌శాట్-5 వెళ్లింది. అది 2013 దాకా పనిచేసింది. మన ఐఆర్ఎస్-1ఏ 1988 మార్చి 17న వెళ్లింది. సెంటినల్-1 రాడార్ చిత్రాలు 2014 నుంచి, 10 మీటర్ల సెంటినల్-2 చిత్రాలు 2015 నుంచి ఉన్నాయి.

ఈ పరంపర విలువ కొల్లేరు విషయంలో బాగా అర్థమవుతుంది. సరస్సులో చేపల చెరువులు ఏటేటా ఎలా విస్తరించాయో, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో 5వ కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తును చూపే గీత) లోపలి గట్లు కొట్టేసిన తర్వాత ఏమైందో వరసగా పెట్టి చూడవచ్చు. అమరావతి కూడా అంతే. 2014 నాటి చిత్రంలో తుళ్లూరు, మందడం చుట్టూ పొలాలే. అక్కడ ఏయే పంటలు పండేవో ఇప్పుడు తెలుసుకోవాలంటే ఆ చిత్రాలు, ఆనాటి సర్వే నోట్సు తప్ప వేరే దారి లేదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. ల్యాండ్‌శాట్ డేటా చాలాకాలం ప్రపంచవ్యాప్తంగా వేర్వేరు కేంద్రాల్లో పాత టేపుల మీద చెల్లాచెదురుగా ఉండిపోయింది. యూఎస్‌జీఎస్ 2010 నుంచి పనిగట్టుకుని ఒక్కో దేశం నుంచి దాన్ని రప్పించి తన భాండాగారంలో చేర్చింది. అలా లక్షల చిత్రాలు తిరిగి దక్కాయి. టేపు చదివే యంత్రం పనిచేస్తున్నంత కాలమే ఇలాంటి ప్రయత్నం సాధ్యం. పెద్ద సంస్థలకే ఈ పరిస్థితి వస్తే, మన బీరువాలో సీడీల సంగతి ఆలోచించుకోవాలి.

2024 వరద రోజుల చిత్రాలు తెరిస్తే అంతా తెల్లగానే ఉంది. డేటా పాడైందా?

పాడవలేదు, అవి మేఘాలు. సెంటినల్-2, ల్యాండ్‌శాట్ వంటివి మామూలు కెమెరాలాగే వెలుతురు మీద ఆధారపడతాయి. వరద వచ్చే రోజు ఆకాశం నిండా మబ్బులే ఉంటాయి కాబట్టి అసలు అవసరమైనప్పుడే ఇవి అక్కరకు రావు. అప్పుడు రాడార్ ఉపగ్రహాలు కావాలి. యూరప్ సెంటినల్-1, మన ఈఓఎస్-04 మబ్బుల్లోంచి, చీకట్లో కూడా చూడగలవు.

అయితే రాడార్‌కూ పరిమితులున్నాయి, ఇవి విజయవాడ వాళ్లు తప్పక తెలుసుకోవాలి. 2024లో సెంటినల్-1 జంటలో ఒక ఉపగ్రహమే పనిచేస్తోంది. రెండోది 2021 డిసెంబరులోనే చెడిపోయింది. అందుకని ఒకే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పట్టేది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అలాంటి ఉద్ధృతి ఉపగ్రహం వచ్చే రోజు దాకా ఆగదు.

రెండోది, పొలాల మీద పరుచుకున్న నీటిని రాడార్ నల్లగా, స్పష్టంగా చూపిస్తుంది. ఇళ్ల మధ్య నిలిచిన నీటిని అలా చూపించలేదు. గోడకూ నీటికీ తగిలి తిరిగి వచ్చే సంకేతం బలంగా ఉంటుంది, దాంతో మునిగిన కాలనీ కూడా ప్రకాశవంతంగానే కనిపిస్తుంది. సింగ్‌నగర్, పాయకాపురం లాంటి చోట్ల ఉపగ్రహ మ్యాపును గుడ్డిగా నమ్మితే మునిగిన వీధులు మునగనట్టు లెక్కలోకి వస్తాయి. దీన్ని సరిచేయగలిగేది గోడ మీద నీరు నిలిచిన గుర్తును టేపుతో కొలిచి రాసుకున్న లెక్క ఒక్కటే. ఆ గోడలకు సున్నం వేసేశారు. ఆ వారాల్లో ఎవరైనా కొలిచి ఉంటే, ఆ కాగితాలు ఎక్కడున్నా సరే వెతికి స్కాన్ చేయించి దాచండి. ఈ పేజీలో ఒక్క సలహా మాత్రమే పాటించగలిగితే దీన్నే పాటించండి.

మన ప్రాంతం డేటా మొత్తం ఎంత సైజు ఉంటుంది?

అనుకున్నంత ఉండదు. సెంటినల్-2 చిత్రాలు సుమారు 110 కిలోమీటర్ల చదరపు పలకలుగా వస్తాయి. విజయవాడ, అమరావతి, గుంటూరు మూడూ 44 క్యూ ఎం డి అనే ఒకే పలకలో పడతాయి. ఒక్కో చిత్రం ఇంచుమించు ఒక జీబీ లోపే. అయిదు రోజులకొకటి చొప్పున ఏడాదికి 70 పైచిలుకు, అంటే 60, 70 జీబీ. పదేళ్లది పెట్టుకున్నా ఒక టీబీ దాటదు.

మీకు కావలసిన ముక్క మాత్రమే కత్తిరిస్తే ఇంకా తగ్గుతుంది. 60 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పిక్సెల్, నాలుగు బ్యాండ్లు (వేర్వేరు రంగుల్లో తీసిన పొరలు), పిక్సెల్‌కు రెండు బైట్లు లెక్క వేయండి: 6000 × 5000 × 4 × 2, అంటే 240 ఎంబీ. కంప్రెస్ చేస్తే అంతకన్నా తక్కువ.

రాడార్ డేటాతోనే జాగ్రత్తగా ఉండాలి. రాడార్ సంకేతం పూర్తి వివరాలతో ఉండే ఎస్ఎల్‌సీ రకం సెంటినల్-1 ఫైలు ఒక్కోటి కొన్ని జీబీలు ఉంటుంది. నేల కుంగడం లాంటివి కొలిచేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు సంకేతం బలం మాత్రమే చూపే జీఆర్‌డీ రకం చాలు.

అయితే ఏవి దాచాలి, ఏవి వదిలేయాలి?

క్షేత్రంలో సేకరించిన డేటాను మార్చకుండా, మొదట ఎలా రాశారో అలాగే దాచండి. తప్పులు సరిదిద్దిన కాపీని విడిగా పెట్టండి. చివరి మ్యాపులు, వాటిని తయారు చేసిన కోడ్, ఏ చిత్రాలు వాడారో పూర్తి ఫైలు పేర్లతో ఒక జాబితా దాచాలి. సెంటినల్, ల్యాండ్‌శాట్ ఫైలు పేర్లలోనే తేదీ, పలక సంఖ్య, ప్రాసెసింగ్ వివరం ఉంటాయి. పేరు ఉంటే చిత్రం మళ్లీ దొరుకుతుంది. అందుకే దయచేసి ఫైళ్లకు "ఫైనల్", "ఫైనల్ 2" అని పేర్లు మార్చకండి.

మధ్యలో పుట్టే ఫైళ్లు, అంటే వేరే కోఆర్డినేట్ పద్ధతిలోకి మార్చినవి, మబ్బులు తీసేసినవి, ఎన్‌డీవీఐ (పచ్చదనం) లెక్కలు, కోడ్ ఉంటే మళ్లీ తయారవుతాయి. వాటిని వదిలేయవచ్చు.

డబ్బు పెట్టి కొన్న వాణిజ్య చిత్రాలు, డ్రోన్ చిత్రాలు అసలువే దాచాలి. వాణిజ్య చిత్రాలకు లైసెన్సు పత్రాన్ని కూడా పక్కనే పెట్టండి. ఇతరులకు ఇవ్వవచ్చో లేదో అయిదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ల్యాండ్‌శాట్‌కు ఆ బెడద లేదు. కోపర్నికస్ డేటాను ఎవరైనా వాడుకోవచ్చు, మూలాన్ని పేర్కొనాలి.

అసలు చిత్రాలనే ఎందుకు దాచాలో నింబస్-1 కథ చెబుతుంది. 1964లో వెళ్లిన ఆ వాతావరణ ఉపగ్రహం చిత్రాలు ఫిల్ము రీళ్ల మీద ఉండిపోయాయి. సుమారు అర్ధశతాబ్దం తర్వాత అమెరికా మంచు డేటా కేంద్రం వాటిని స్కాన్ చేసి, 1964 సెప్టెంబరులో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు ఎంత ఉందో తేల్చింది. మబ్బుల కోసం తీసిన చిత్రాలు మంచు లెక్కకు పనికొచ్చాయి. రీళ్లు పారేసి, మబ్బుల రిపోర్టు మాత్రమే ఉంచి ఉంటే అది జరిగేది కాదు.

హార్డ్ డిస్క్ కొన్ని వేలకే వస్తుంది. క్లౌడ్ దేనికి?

హార్డ్ డిస్క్ వద్దనడం లేదు. ఒక కాపీ డిస్కులో ఉండాలి, ఇంకోటి క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీదుగా కంపెనీల దగ్గర అద్దెకు తీసుకునే నిల్వలో ఉండాలి, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది మూడోది. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి ఊరి బయట అనేది ఈ రంగంలో అందరూ పాటించే పద్ధతి.

ఊరి బయట అన్నదే మనకు ముఖ్యం. బుడమేరు పొంగినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్లలో ఉన్న కంప్యూటర్లు, కాగితాలు ఒకేసారి పోయాయి. ఒకే బీరువాలో ఉన్న మూడు డిస్కులు మూడు కాపీల కింద లెక్కకు రావు. డిస్కు అయిదేళ్లు దాటితే దాన్ని నమ్ముకోవద్దు. కరెంటు ఇవ్వకుండా ఎండాకాలం వేడిలో ఏళ్ల తరబడి వదిలేసిన ఎస్ఎస్‌డీని అంతకన్నా నమ్మవద్దు.

క్లౌడ్ ఖర్చు నెలకు ఎంతవుతుంది? అందరూ టెన్షన్ పెడుతున్నారు.

టెన్షన్ పడాల్సింది దాచే ఖర్చు గురించి కాదు, తిరిగి తెచ్చుకునే ఖర్చు గురించి.

అమెజాన్ క్లౌడ్ నిల్వ ఎస్3 ఉదాహరణ తీసుకుందాం. ముంబై రీజియన్‌లో (అంటే అక్కడి డేటా కేంద్రాల్లో) మామూలు నిల్వకు జీబీకి నెలకు సుమారు 0.025 డాలర్లు, అంటే ఒక టీబీకి 25 డాలర్లు. అదే గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ అనే లోతైన నిల్వలో పెడితే టీబీకి నెలకు ఒకటి, రెండు డాలర్లతో పోతుంది. ఇంత తేడా ఎందుకంటే లోతైన నిల్వలోది వెంటనే తెరుచుకోదు. అడిగిన తర్వాత మామూలుగా 12 గంటల్లోపు, చౌక పద్ధతిలో అయితే 48 గంటల్లోపు వస్తుంది. కనీసం 180 రోజుల అద్దె కట్టాలి. ముందే డిలీట్ చేసినా మిగతా రోజుల డబ్బు తీసుకుంటారు. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఆర్కైవ్ నిల్వకు కూడా 180 రోజులే, గూగుల్ ఆర్కైవ్‌కు 365 రోజులు. గూగుల్‌ది మాత్రం అడగ్గానే తెరుచుకుంటుంది.

గుంటూరు వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతుకు అద్దె భారం అనిపించదు. ముందుగా చెప్పి బయటికి తీయించడం, హమాలీ, రవాణా కలిస్తేనే అసలు లెక్క తెలుస్తుంది.

క్లౌడ్‌లో ఆ రవాణా ఖర్చును ఎగ్రెస్ అంటారు. ముంబై నుంచి ఇంటర్నెట్ మీదుగా మీ కంప్యూటర్‌కు తెచ్చుకోవడానికి జీబీకి సుమారు 0.109 డాలర్లు. నెలకు మొదటి 100 జీబీ ఉచితం. ఆ తర్వాత ఒక టీబీ తెచ్చుకుంటే తొమ్మిది వేల రూపాయలు దాటుతుంది, జీఎస్టీ అదనం. లోతైన నిల్వ నుంచి తీసినందుకు ఇంకో చిన్న చార్జీ ఉంటుంది. రేట్లు మారుతుంటాయి కాబట్టి పెట్టేముందు ఒకసారి చూసుకోండి. మీ ప్రాజెక్టు ప్రతిపాదనలో మాత్రం నిల్వ ఖర్చుతో పాటు ఒకసారి మొత్తం తిరిగి తెచ్చుకునే ఖర్చు కూడా రాసుకోండి. చాలా ప్రతిపాదనల్లో ఈ వరస ఉండదు.

క్షేత్ర డేటా, చివరి మ్యాపులు మాత్రమే అయితే కొన్ని జీబీలే కదా. వాటిని మామూలు నిల్వలోనే పెట్టండి. నెలకు టీ ఖర్చు కూడా కాదు.

వేలకొద్దీ చిన్న ఫైళ్లున్నాయి. అలాగే ఎక్కించవచ్చా?

లోతైన నిల్వకు అలా పంపకండి. అక్కడ ఫైలు ఎంత చిన్నదైనా ఒక్కోదానికి అదనంగా 40 కేబీ లెక్క పడుతుంది, పైగా ఎక్కించడానికి ఫైళ్ల సంఖ్యను బట్టి చార్జీ ఉంటుంది. అమెరికా రేటు ప్రకారం వెయ్యి ఫైళ్లకు 0.05 డాలర్లు. పది లక్షల చిన్న ముక్కలు ఎక్కిస్తే దానికే 50 డాలర్లు. ఊరువారీగా, ఏడాదివారీగా టార్ లేదా జిప్ చేసి పంపండి, లోపల ఏముందో చెప్పే జాబితాను మాత్రం బయట మామూలు నిల్వలో ఉంచండి. లేదంటే ఒక్క ఫైలు వెతకడానికి అన్నీ బయటికి తీయించాల్సి వస్తుంది.

ఏ రీజియన్ ఎంచుకోవాలి? చట్టం ఏమంటుంది?

అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి రీజియన్లున్నాయి. మిగతా పెద్ద కంపెనీలకూ మన దేశంలో ఉన్నాయి. సెంటినల్, ల్యాండ్‌శాట్ లాంటి బహిరంగ డేటాను ఏ దేశంలో పెట్టినా ఇబ్బంది లేదు. డ్రోన్ సర్వేలు, చాలా ఖచ్చితమైన మ్యాపులు ఉంటే దేశంలోని రీజియన్‌నే ఎంచుకోండి. 2021 ఫిబ్రవరి జియోస్పేషియల్ మార్గదర్శకాలు అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్లకన్నా ఖచ్చితమైన డేటాను భారతదేశంలోనే నిల్వ చేయాలని, ఇక్కడే ప్రాసెస్ చేయాలని చెబుతున్నాయి.

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు సర్వే పాయింట్లున్న ఫైల్లో ఉంచకండి. వాటిని వేరే ఫైల్లో, తాళం వేసి, అవసరమైనంత కాలమే ఉంచండి. మనల్ని నమ్మి చేను చూపించిన వాళ్ల వివరాలవి.

ఏ ఫార్మాట్‌లో దాచాలి?

చిత్రాలకు సీఓజీ, అంటే క్లౌడ్‌కు అనువుగా అమర్చిన జియోటిఫ్. ఇది మామూలు జియోటిఫ్‌లాగే ఏ జీఐఎస్ (మ్యాపుల) సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది. క్లౌడ్‌లో ఉండగానే మీకు కావలసిన ముక్కను మాత్రం తెప్పించుకోవచ్చు, మొత్తం డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. యూఎస్‌జీఎస్ 2020 చివర్లో విడుదల చేసిన ల్యాండ్‌శాట్ కలెక్షన్-2ను ఇలాగే పెట్టింది. పాయింట్లు, హద్దులకు జియోప్యాకేజ్. పట్టికలకు సీఎస్‌వీ, తెలుగు ఊళ్ల పేర్లున్నాయి కాబట్టి తప్పకుండా తెలుగు అక్షరాలు చెడిపోని యూటీఎఫ్-8 పద్ధతిలో. పాత అను ఫాంట్లలో టైపు చేసిన రిపోర్టులుంటే యూనికోడ్‌లోకి మార్చడంతో పాటు ఒక పీడీఎఫ్ కాపీ కూడా పెట్టండి. ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునే ప్రాజెక్టు ఫైలు ఒక్కటే దాచడం ప్రమాదం.

మెటాడేటా అంటే ఏం రాయాలి? ఎవరికీ ఓపిక ఉండడం లేదు.

ఓపిక తెచ్చుకోవాల్సింది ఇక్కడే. డిజిటల్ భాండాగారాలు ఎలా ఉండాలో చెప్పే ఐఎస్‌ఓ 14721 ప్రమాణాన్ని తయారు చేసింది అంతరిక్ష సంస్థల ఉమ్మడి కమిటీయే. దాచిన డేటా, తయారు చేసినవాళ్లను అడగకుండానే తర్వాతివాళ్లకు అర్థం కావాలన్నది దాని సారాంశం. మీరు ఉద్యోగం మారి హైదరాబాదో, అమెరికానో వెళ్లిపోయినా మీ జూనియర్‌కు పని జరగాలి.

అందుకు ఒక మామూలు టెక్స్ట్ ఫైలు చాలు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ సేకరించారు, జీపీఎస్ ఏది, ఏ కోఆర్డినేట్ పద్ధతి, పట్టికలో ఒక్కో కాలమ్ అర్థం ఏమిటి, ఖాళీ గడి అంటే "లేదు" అనా, "అడగలేదు" అనా. చివరిది చాలామంది రాయరు. నీటి ఎత్తు గడి ఖాళీగా ఉంటే ఆ ఇంట్లోకి నీళ్లు రాలేదో, ఆ ఇంటికి తాళం ఉందో పదేళ్ల తర్వాత ఎవరు చెప్పగలరు?

చిత్రాల విషయంలో ప్రాసెసింగ్ వెర్షన్ తప్పనిసరిగా రాయండి. దీనికి గట్టి కారణం ఉంది. సెంటినల్-2 డేటా 2022 జనవరి 25న ప్రాసెసింగ్ 04.00కు మారింది. అప్పటి నుంచి పిక్సెల్ విలువలకు 1000 కలిపి ఇస్తున్నారు, వాడేటప్పుడు మనం తీసేయాలి. ఈ సంగతి తెలియక 2021 పంటను 2022 పంటతో నేరుగా పోలిస్తే, చేలో ఏ మార్పూ లేకపోయినా లెక్కలో పెద్ద మార్పు కనిపిస్తుంది. గుంటూరు మిర్చి రైతులకు ఆ సీజన్ ఎలాంటిదో గుర్తుంది. తామర పురుగు వల్ల పంట నిజంగానే దెబ్బతింది. అలాంటి ఏడాదిలో నిజమైన నష్టానికీ లెక్కలో తేడాకీ మధ్య గీత చెరిగిపోకూడదు.

చిత్రాలు ఎక్కువైతే స్టాక్ (STAC) అనే కేటలాగ్ పద్ధతి నేర్చుకోండి. పదుల్లో ఉంటే టెక్స్ట్ ఫైలు చాలు.

దాచిన ఫైలు మారలేదని ఎలా తెలుస్తుంది? కోర్టులో పనికొస్తుందా?

ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య, దీన్నే హ్యాష్ అని కూడా అంటారు) తీసి జాబితాగా దాచండి. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఏడాదికోసారి కొన్ని ఫైళ్లు తీసి సరిచూడండి. క్లౌడ్ కంపెనీలు పదకొండు తొమ్మిదుల (99.999999999 శాతం) భద్రత అని చెప్పేది వాళ్ల డిస్కుల గురించి. మన వాళ్లే పొరపాటున డిలీట్ చేస్తే ఆ లెక్క కాపాడదు. అందుకే వెర్షనింగ్ (పాత కాపీలను కూడా ఉంచే సదుపాయం) ఆన్ చేసి ఉంచండి.

కాలువ ఆక్రమణలు, చెరువు కబ్జాల మీద పోరాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. కేసు వచ్చాక తీసిన హ్యాష్ కన్నా, ఫైలు తయారైన రోజే తీసి పెట్టిన హ్యాష్‌కు బలం ఎక్కువ. మీ కేసు వివరాలు మాత్రం లాయర్‌తో మాట్లాడుకోవాలి.

అంతా గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో చేసుకుంటున్నాం. వేరే భాండాగారం ఎందుకు?

ఉపగ్రహ చిత్రాలను గూగుల్ కంప్యూటర్ల మీదే విశ్లేషించే పనిముట్టుగా అది అద్భుతమైనది, విద్యార్థులు తప్పక వాడాలి. కానీ మీ వాటిని దాచే చోటు అది కాదు. ఆన్‌లైన్ సేవలు మారిపోతాయి. ఎంతోమంది అలవాటు పడిన కోపర్నికస్ పాత హబ్ 2023లో మూతపడి, దాని స్థానంలో కొత్త డేటా స్పేస్ వచ్చింది. పాత లింకులతో రాసుకున్న కోడ్‌లన్నీ ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ప్లానెటరీ కంప్యూటర్‌లో కోడ్ రాసుకునే హబ్‌ను 2024 జూన్‌లో తీసేశారు. రెండు చోట్లా చిత్రాలు పోలేదు. వాటి చుట్టూ కట్టుకున్న పనే ఆగింది. మీ స్క్రిప్టులను కాపీ చేసి, అవి ఇచ్చిన ఫలితాలను ఎక్స్‌పోర్ట్ చేసి బయట పెట్టుకోండి.

ఇస్రో చిత్రాలు ఉచితమేనా?

ఎన్ఆర్ఎస్‌సీ నడిపే భూనిధి పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుంటే రిసోర్స్‌శాట్ లిస్-3, ఎవైఫ్స్ కెమెరాల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో పిక్సెల్ 5 మీటర్లు, అంతకన్నా పెద్దదిగా ఉన్న డేటాను ఉచితంగా అందించాలని 2023 భారత అంతరిక్ష విధానం చెబుతోంది. ల్యాండ్‌శాట్ కూడా ఒకప్పుడు ఉచితం కాదు, 2008కి ముందు ల్యాండ్‌శాట్-7 చిత్రం ఒక్కోటి 600 డాలర్లు.

నైసార్ డేటా కూడా దాచుకోవాలా?

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నైసార్ రోజుకు సుమారు 80 టీబీల మేర డేటా ఉత్పత్తులు ఇస్తుందని నాసా అంచనా. దాన్ని ఇంటికి తెచ్చుకునే ఆలోచనే వద్దు. డేటా ఉన్న చోటే ప్రాసెస్ చేసి, ఫలితాన్ని మాత్రం తెచ్చుకోండి.

ప్రాజెక్టు ముగిశాక బిల్లు ఎవరు కడతారు?

ఎక్కువ భాండాగారాలు ఇక్కడే చనిపోతాయి. ఖాతా ఒక విద్యార్థి మెయిల్ మీద, కార్డు ఒక ప్రొఫెసర్ గారి పేరు మీద ఉంటుంది. ఒకరు చదువు ముగించి వెళతారు, ఇంకొకరు రిటైరవుతారు. కార్డు గడువు ముగుస్తుంది, హెచ్చరిక మెయిళ్లు ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కు వెళతాయి, తర్వాత ఖాతా మూసేస్తారు. ఖాతాను సంస్థ పేరు మీద, ఇద్దరు ముగ్గురు చూసే మెయిల్‌తో తెరవండి. కాలేజీ లైబ్రరీని బాధ్యతలో చేర్చగలిగితే మరీ మంచిది, ఎందుకంటే విభాగాలు, కోర్సులు మారినా లైబ్రరీ ఉంటుంది. చిన్న డేటాసెట్లయితే జెనోడో లాంటి ఉచిత పరిశోధన భాండాగారంలో కూడా పెట్టండి. అక్కడ డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది, నెలవారీ బిల్లు ఉండదు.

ఫోన్‌లో తీసిన ఫొటోలు కూడా ఇందులోకి వస్తాయా?

తప్పకుండా. వరదప్పుడు, పంట నష్టం సర్వేలప్పుడు తీసిన ఫొటోలే తర్వాత ఉపగ్రహ మ్యాపును సరిచూసే సాక్ష్యం. ఫొటో తీసేముందు ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ లొకేషన్, సమయం వివరాలు తీసేసి, ఫొటో సైజు తగ్గించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అన్నీ ఉంటాయి, కేబుల్‌తో నేరుగా కాపీ చేస్తే ఇంకా మంచిది. లొకేషన్ లేకుండా ఇప్పటికే ఉన్న పాత ఫొటోలను తీసినవాళ్లతో కూర్చుని, వీధి పేరు, ఏ దిక్కుకు చూస్తూ తీశారు, ఏ పూట తీశారు అన్నవి పక్కన రాయించండి. వాళ్లకు గుర్తున్నప్పుడే ఆ పని చేయాలి.